ఆ అంకె ఏ ఊరిది?

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. అమెరికా అధ్యక్ష ఎన్నికల డిబేట్లలో విదేశాంగం, రక్షణ ఖర్చు ఎలా నలుగుతాయో రాద్దామని 2012లో అప్పటి అధ్యక్షుడు ఒబామా, ఆయన మీద పోటీ చేసిన రిపబ్లికన్ రోమ్నీల మూడో డిబేట్‌ను తీసుకున్నావు. మంచి ఎంపిక. కానీ గుర్రాలతో మొదలుపెట్టావు చూడు, అక్కడ నాకు నవ్వొచ్చింది. నవ్వింది నిన్ను చూసి కాదు, నన్ను చూసుకుని.

ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో అక్టోబర్ 22 రాత్రి ఆ డిబేట్ మొదలయ్యేసరికి మనకి 23వ తేదీ పొద్దున్న ఆరున్నర. మహర్నవమి. ప్రెస్సులో మెషీన్లకి పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టారు. పండగ పూట డెస్కులో మనిషి లేక నన్ను కూర్చోబెట్టారు. అమెరికా నేవీలో ఓడలు 1917 తర్వాత ఇంత తక్కువగా ఎప్పుడూ లేవని రోమ్నీ అన్నాడు. గుర్రాలూ బాయ్‌నెట్లూ (తుపాకీ కొసన బిగించే కత్తులు) కూడా తగ్గాయి కదా, సైన్యం తీరే మారిపోయిందని ఒబామా తిప్పికొట్టాడు. విమానాలు దిగే ఓడలున్నాయి, నీళ్ళ కింద పోయే ఓడలున్నాయి అంటూ పిల్లాడికి పాఠం చెప్పినట్టు చెప్పాడు. ఆయుధపూజ నాడు గుర్రాల మాట! ఇంకేం కావాలి? ‘గుర్రాల మీద యుద్ధం చేస్తామా?’ అని హెడ్డింగ్ పెట్టేసి టిఫిన్‌కి వెళ్ళిపోయాను.

ఆ హెడ్డింగ్ బాగానే పేలింది. దాని కింద నేను రాసింది మాత్రం బోలు.

ఓడల లెక్కే చూడు. రోమ్నీ మాట నిజమా కాదా అని నేను చూడలేదు, నువ్వూ చూడలేదు. నిజానికి ఆ సంఖ్య ఒబామా కంటే ముందున్న బుష్ హయాంలోనే, 2007లో, 280కి లోపలికి దిగింది. రోమ్నీ 285కి లోపే ఉన్నాయని మొత్తుకున్న 2012 కంటే అదే తక్కువ. ఒబామా ఈ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. చెప్పలేదు. లెక్క చెప్తే ఎవరు నవ్వుతారు? వాళ్ళ పని ఓట్లు, జోకు వేస్తారు. లెక్క చూడాల్సింది మనం.

తర్వాత నీ మూడో పేరా. ‘రక్షణ బడ్జెట్‌ను 2 లక్షల కోట్ల డాలర్లు పెంచుతానని రోమ్నీ అన్నాడు’ అని రాశావు. ఈ ఒక్క వాక్యంలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, ఆ అంకె ఒబామా నోటి నుంచి వచ్చింది. రోమ్నీ అన్నది, యుద్ధాల ఖర్చు కాకుండా రక్షణకి జీడీపీలో 4 శాతం తగ్గకుండా పెడతానని. దానికీ అప్పటి ప్రభుత్వ ప్లాన్‌కీ మధ్య తేడాని లెక్కేసి, సైన్యమే అడగని డబ్బు ఇది అంటూ ఒబామా వాడుకున్నాడు. రెండోది, అది పదేళ్ళ లెక్క. అప్పట్లో అమెరికా ఏడాది రక్షణ ఖర్చంతా కలిపినా 70 వేల కోట్ల డాలర్లకి లోపే. నీ వాక్యం చదివినవాడు ఒక్క ఏడాదిలోనే దానికి మూడింతలు కలుపుతారనుకుంటాడు. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు, బిలియన్ అంటే వంద కోట్లు అని కాగితం మీద రాసి గోడకి అంటించుకో. సిగ్గుపడకు, నా గోడకి ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ పది పేరాల్లో ఒక్క ఊరి పేరూ లేదు. ఈ డబ్బంతా ఎక్కడ ఖర్చవుతుంది తమ్ముడూ? గాల్లో కాదు కదా! ఏడాదికి కట్టే ఓడలు తొమ్మిదైతే పదిహేను చేస్తానని రోమ్నీ ప్రచారంలో చెప్పుకున్నాడు. ఓడ ఎక్కడ కడతారో చూడు. వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ అని ఒక ఊరుంది. అమెరికా అణు విమానవాహక నౌకలన్నీ కట్టేది అక్కడే, సబ్‌మెరీన్ల పనీ జరుగుతుంది. దగ్గర్లో నార్ఫోక్, ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకా స్థావరం. వర్జీనియాకి ఆ ఎన్నికల్లో 13 ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాలవారీ ఈ ఓట్లే), ఎటు మొగ్గుతుందో ఎవరికీ తెలియని రాష్ట్రం. పదిహేను ఓడలంటే చైనా వినాలని చెప్పిన మాటా, న్యూపోర్ట్ న్యూస్‌లో వెల్డింగ్ చేసేవాడు వినాలని చెప్పిన మాటా? రెండూ అనుకో. ఆ రెండోది నీ వ్యాసంలో లేదు. (రోమ్నీ ఆ రాష్ట్రం ఓడిపోయాడు. వెల్డర్ల ఓటు అంత తేలిగ్గా తూకానికి రాదు.)

ఒహాయో రాష్ట్రంలో లైమా అనే ఊరి సంగతి ఇంకా తమాషా. అబ్రామ్స్ ట్యాంకులు అక్కడి ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. మా దగ్గర ట్యాంకులు చాలినన్ని ఉన్నాయి, కొన్నేళ్ళు పని ఆపుదాం అని ఆర్మీ స్వయంగా అడిగింది. ఆపొద్దంటే ఆపొద్దని కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) డబ్బిచ్చింది. మిగతా విషయాల్లో కీచులాడుకునే ఒహాయో డెమోక్రాట్లూ రిపబ్లికన్లూ దీని మీద ఒక్కటయ్యారు. ఒహాయోకి 18 ఓట్లు. విదేశాంగ విధానం అని పేరు పెట్టి రాస్తున్నదాంట్లో సగం స్వదేశమే అని నాకు అర్థమైంది లైమా గురించి చదివినప్పుడే.

అంతదూరం ఎందుకు, మీ ఇబ్రహీంపట్నం పక్కన ఆదిభట్లే ఉందిగా. సీ-130జే విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ల బాడీలు అక్కడి నుంచే అమెరికా వెళ్తాయి. ఆ షిఫ్టు బస్సుల్లో తిరిగేవాళ్ళకి అమెరికా ఆర్డర్ల మాట ఎంత దగ్గరిదో అడుగు. ఊరికే మన తెలుగువాళ్ళు అని ఇరికించకు, సరిపడితేనే ఒక వాక్యం.

కోతల సంగతి నువ్వు అసలు ముట్టుకోలేదు. అప్పు తగ్గించే ఒప్పందం కుదరకపోతే రక్షణకి పదేళ్ళలో సుమారు 50 వేల కోట్ల డాలర్ల కోత దానంతటదే పడేలా 2011లో చట్టం చేశారు. సంతకం ఒబామాది. ఓటేసినవాళ్ళలో రోమ్నీ జోడీగా ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ పాల్ ర్యాన్ ఉన్నాడు. డిబేట్‌లో ఒబామా ఆ కోత జరగదని తేల్చేశాడు. 2013 మార్చి 1న అది అమల్లోకి వచ్చింది. ఆ రాత్రి మొత్తంలో పెద్ద వార్త, కోత జరగదన్న ఆ మాటే, నేను దాన్ని రెండు లైన్లు కూడా రాయలేదు.

రష్యా జోకు కూడా అంతే. రష్యాని పెద్ద శత్రువన్నాడని రోమ్నీని ఒబామా ఎగతాళి చేశాడు, 1980ల నాటి విదేశాంగ విధానం అని. 2014లో ఉక్రెయిన్ నుంచి క్రిమియాని రష్యా లాక్కున్నాక రోమ్నీ మనుషులు ఆ క్లిప్ మళ్ళీ మళ్ళీ వేశారు. అయితే రోమ్నీయే గెలిచాడని రాయకు. తన మాట నిలిచినంత మాత్రాన తన ఓడల లెక్క నిజమైపోదు.

1960 గురించి ఒక పేరా కలుపు, కుదిరితే. క్షిపణుల్లో రష్యా ముందుందని ఆ ఎన్నికల్లో పోటీ చేసిన కెనెడీ ఊరూరా చెప్పాడు. అలాంటిదేమీ లేదని అప్పటి అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కి యూ-2 గూఢచారి విమానాల ఫొటోలు చూసి నమ్మకం. కానీ ఆ ఫొటోలు బయటపెడితే గుట్టు రట్టు. ఆ మే నెలలో ఒక యూ-2 రష్యాలో కూలనే కూలింది. కెనెడీ మీద పోటీ చేసిన ఉపాధ్యక్షుడు నిక్సన్ నోరు కట్టేసినట్టయింది. కెనెడీ గెలిచాక, 1961 ఫిబ్రవరిలో, ఆయన రక్షణ మంత్రి మెక్‌నమారాయే అలాంటి వెనకబాటు లేదని విలేకరులతో అనేశాడు. పెద్ద గోల. ఆ సెప్టెంబర్‌కి గూఢచారుల అంచనా రష్యా దగ్గర 10 నుంచి 25 ఖండాంతర క్షిపణి లాంచర్లకి దిగొచ్చింది. అమెరికా మాత్రం వెనక్కి తగ్గలేదు, మినిట్‌మన్ క్షిపణులే వెయ్యి పెట్టుకుంది. తెలిసినవాడు చెప్పలేని అంకెని తెలియనివాడు ధైర్యంగా చెప్పగలడు. డిబేట్‌లో ఏ అంకె విన్నా, ఇది ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడి నుంచి చూసి లెక్కపెట్టారు అని పక్కన పెన్సిల్‌తో రాసుకో.

గుర్రాల్ని తీసెయ్యమనను. ఐదో పేరాకి పంపు, న్యూపోర్ట్ న్యూస్‌తో మొదలుపెట్టు. ‘విశ్వవేదికపై’, ‘మాటల తూటాలు’ ఈ రెండూ కొట్టేశాను, మళ్ళీ పెట్టకు. శుక్రవారం లోపు పంపితే చూస్తాను. శనివారం మనవరాలి పుట్టినరోజు, ఫోన్ కూడా ఎత్తను.

మీ అన్న