రోజూ తోముతున్నా గార ఎందుకు కడుతోంది?

ప్రశ్న: రోజూ రెండుపూటలా బ్రష్ చేసుకుంటాను. అయినా కింది ముందుపళ్ల వెనక పసుప్పచ్చగా గార కడుతోంది. ఆరు నెలల కిందటే క్లీనింగ్ చేయించాను. గట్టిగా తోమితే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. మళ్లీ క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు గట్టిగా తోమడం ఆపండి. గార బ్రష్‌కు రాదు, అరిగేది మీ చిగుళ్లే.

పళ్లు తోమిన కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రొటీన్లు పంటికి పలుచని పొరలా అంటుకుంటాయి. కొన్ని గంటల్లో దాని మీద బ్యాక్టీరియా చేరుతుంది. మనం తిన్న చక్కెరతోనే జిగురు తయారుచేసుకుని పాతుకుపోతుంది. అదే పాచి. మెత్తగా ఉంటుంది, గోటితో గీకితే వస్తుంది, పుక్కిలిస్తే మాత్రం పోదు. వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ పట్టి గారగా గట్టిపడుతుంది. కొందరికి ఇది రెండు మూడు రోజుల్లోనే మొదలవుతుంది. నాలుక కింది లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది సరిగ్గా మీరు చెప్పిన చోటే. పైగా బ్రష్ సరిగా ఆనని మూల!

రక్తం వస్తోందని ఆ చోటును తోమకుండా వదలకండి. 1965లో డెన్మార్క్‌లో 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టిన వారం రోజుల్లో తగ్గాయి.

మెత్తటి కుచ్చుల బ్రష్‌ను చిగురు, పన్ను కలిసే గీత దగ్గర 45 డిగ్రీల వాలుగా ఆనించి, ఉన్నచోటే పదిసార్లు సన్నగా కదిలించండి. తర్వాత పక్కనున్న రెండు పళ్లకు జరగండి. ముందుపళ్ల వెనక బ్రష్‌ను నిలువుగా పట్టి కొసతో తోమాలి. మొత్తం రెండు నిమిషాలు. పేస్టులో 1,000 నుంచి 1,500 పీపీఎం ఫ్లోరైడ్ ఉండాలి. ఉమ్మేసి ఊరుకోండి, నీళ్లతో పుక్కిలించకండి. పళ్ల సందుల్లోకి బ్రష్ దూరదు కాబట్టి రాత్రిపూట ఫ్లాస్ (సందులు శుభ్రం చేసే సన్నని దారం) గానీ సందుల బ్రష్ గానీ వాడాలి. ఎక్కడ వదిలేస్తున్నారో తెలియాలంటే పాచికి రంగు పట్టించే మాత్రలు దొరుకుతాయి. ఒకసారి నమిలి అద్దంలో చూసుకోండి.

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను డాక్టర్ చెబితేనే, చెప్పినన్ని రోజులే వాడండి. ఎక్కువ రోజులైతే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, రుచి మారుతుంది.

క్లీనింగ్ వల్ల పళ్లు వదులు కావు. పంటిని పట్టి ఉంచే ఎముక అప్పటికే కరిగి ఉంటే, గార తొలగాక ఆ వదులు బయటపడుతుంది, అంతే. కొన్నాళ్లు జివ్వుమనడం మామూలే. మీకు త్వరగా గార కడుతోంది కాబట్టి ఇప్పుడు ఒకసారి తీయించుకోండి. ఆ తర్వాత రెండు వారాలు ఇలా తోమినా రక్తం ఆగకపోతే పంటికీ చిగురుకూ మధ్య సందు ఎంత లోతుందో డాక్టర్ చేత కొలిపించుకోవాలి.