జూన్ నెలలో నగదు ఎక్కడిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మాంట్‌గమరీలో ఉద్యోగం చేసుకుంటూ, నూరేళ్ళ కిందటి దక్షిణ అలబామా పత్తి ఊరిని తెలుగులో నవలగా రాయాలని పూనుకున్నావు. ఆ పూనికే నాకెంతో ముచ్చటగా ఉంది. నీకు వాక్యం పట్టుబడింది, మనుషుల ముఖాలు చూసే కన్ను ఉంది. అయితే రెండో అధ్యాయంలో, 1912 జూన్ నెల ఒక శనివారం నాడు, పాలికి సేద్యం చేసే రైతు భార్య ఊళ్ళోకి వచ్చి, కొట్లో ఆరు గజాల పూలగుడ్డ కొని, చేతిసంచిలోంచి చిల్లర తీసి లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోతుంది. నేను అక్కడ ఆగిపోయాను. జూన్ నెలలో ఆమె చేతికి నగదు ఎక్కడినుంచి వచ్చింది?

దీన్ని చిన్న పొరపాటుగా తీసుకోవద్దు. ఆ ఊరి వ్యాపారం, ఓటు, రోడ్డు, కోర్టు అన్నీ ఈ ప్రశ్నకు వచ్చే జవాబుతోనే ముడిపడి ఉన్నాయని నా నమ్మకం. అందుకే ఈ ఉత్తరమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ సేద్యపు సంవత్సరాన్ని ఒక కాగితంమీద రాసి నీ బల్ల ఎదురుగా అంటించుకో. మార్చిలో దున్నకం, ఏప్రిల్‌లో విత్తనం, మే, జూన్ నెలల్లో ఒత్తు మొక్కలు పీకడం, కలుపు తీయడం, ఆగస్టు చివరినుంచి పత్తితీత, నవంబరు, డిసెంబరు నెలల్లో లెక్క తేలడం. మార్చినుంచి పత్తి అమ్ముడయ్యేదాకా రైతు ఇంట్లో తిండి, బట్ట, పొలానికి ఎరువు సమస్తం షావుకారు అప్పుగా ఇచ్చిన సరుకే. అక్కడివాళ్ళు దాన్ని ఫర్నిష్ అనేవారు, ఇచ్చేవాణ్ణి ఫర్నిషింగ్ మర్చంట్ అనేవారు. మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టించిన పంది కొవ్వుమాంసం, చెరకు పాకం, గ్వానో, ఈ నాలుగే ఆ పద్దుల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. కొట్లో కొన్న ఎరువు ఏదైనా సరే, దాన్ని గ్వానో అనే పిలిచేవారు. వీటన్నిటికీ హామీగా షావుకారు దగ్గర తాకట్టు పడింది ఇంకా మొలకెత్తని పంట.

సరుకు ఒకటే అయినా ధరలు రెండు ఉండేవి. చేతిలో డబ్బు పెట్టి కొనేవాడికి నగదు ధర, ఖాతాలో రాయించుకునేవాడికి అప్పు ధర. అప్పు ధర నగదు ధరకంటే పావు వంతో, మూడో వంతో, కొన్నిచోట్ల సగమో ఎక్కువగా ఉండేది, చాలాచోట్ల దానిమీద వడ్డీ కూడా వేసేవారు. పైగా మార్చిలో తీసుకున్న పిండికీ, ఆగస్టులో తీసుకున్న పిండికీ ఒకే అప్పు ధర వేసేవారు కాబట్టి, మూడు నెలల అప్పుకు కూడా ఏడాది అప్పుకు పడినంత భారమే పడేది. కాబట్టి నీ రైతు భార్య ఆ గుడ్డను నగదుకు కొనలేదు. ఆమె చేతిలో ఉండగలిగింది ఒక గుడ్ల బుట్టో, కాస్త వెన్నో. పల్లెటూరి ఆడవాళ్ళు వాటిని కొట్లో ఇచ్చి దారం, సూదులు, కాస్త కాఫీ తెచ్చుకునేవారు. ఆరు గజాల గుడ్డకు గుడ్లు చాలవు. మిగిలింది ఖాతాలో పడాలి, ఆ ఖాతా ఆమె మొగుడి పేరున ఉంటుంది. ఆమె గుడ్డ వేలితో తడిమి చూసి, ధర అడగకుండా వెనక్కి పెట్టేసిందని రాసినా ఆ దృశ్యం ఇప్పటికంటే పదిరెట్లు పండుతుంది.

ఖాతా సంగతి నేను పుస్తకాలనుంచి మాత్రమే చెప్పడంలేదు. మాది పత్తి పండే గుంటూరు వైపు పల్లె. విత్తనాలు, పురుగుమందులు అప్పు ఇచ్చే కొట్టుకే పంట తోలడం మా ఊళ్ళో అందరికీ తెలిసిన పద్ధతి. నాకు పదకొండేళ్ళప్పుడు ఒక సాయంత్రం నాన్నగారితో కలిసి ఆ కొట్టుకు వెళ్ళాను. గుమాస్తా ఆవర్జా తెరిచి మా ఖాతా చదువుతుంటే, ఒకే ఎరువు బస్తా ఒకే తేదీన రెండుసార్లు పడి ఉండటం నాకు తలకిందుల అక్షరాల్లోనే కనిపించింది. నోరు తెరవబోయాను. నాన్నగారు బల్ల కింద నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కారు. ఆ బస్తా డబ్బు ఆయన కట్టారు, ఎందుకంటే వచ్చే తొలకరికి విత్తనం ఆ కొట్లోనే దొరకాలి. ఆయన బొటనవేలు ఆనినచోట ఎర్రగా కందిన గుర్తు ఇంటికి వచ్చేదాకా పోలేదు. ఆవర్జా ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎవరు చదవగలరు, చదివినవాళ్ళు నోరు విప్పగలరా అని నేను ప్రతి కథలోనూ వెతుక్కోవడం ఆ రోజే మొదలైంది.

అలబామాలో ఈ తాకట్టు కాగితాలు కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టుహౌసులో, వీలునామాలు, ఆస్తి కాగితాలు చూసే ప్రొబేట్ జడ్జి కార్యాలయంలో నమోదయ్యేవి. వీలు చూసుకుని ఒక రోజంతా ఆ రిజిస్టర్లు తిరగెయ్యి. తాకట్టు పెట్టిన కంచరగాడిద రంగు, వయసు, చాలాసార్లు దాని పేరు కూడా అక్కడ రాసి ఉంటాయి. జప్తు రోజున ఏ జంతువును తోలుకుపోవాలో తేడా రాకూడదని ఆ జాగ్రత్త. రైతు మాత్రం సంతకం చేయలేక గుర్తు పెట్టినవాడై ఉంటాడు. ఇంకో సంగతి కూడా గమనించు. ఏ ప్రొబేట్ జడ్జి కార్యాలయంలో ఆ తాకట్టు నమోదైందో, సాధారణంగా ఆ జడ్జే కౌంటీ రోడ్లు, వంతెనల ఖర్చు తేల్చే సభకు కూడా అధ్యక్షుడు. నీ నవలలో వ్యాపారం ఒక అధ్యాయం, ఊరి పాలన ఇంకో అధ్యాయం అని విడదీశావు. ఆ ఊళ్ళో అవి ఒకే మెట్లు ఎక్కి వెళ్ళే రెండు గదులు.

ఓటు సంగతి ఇంకా స్పష్టంగా దిద్దుకోవాలి. మూడో అధ్యాయంలో నీ నల్లజాతి కమ్మరి 1912 ఎన్నికల్లో ఓటు వేసి, ఈల వేసుకుంటూ దుకాణానికి తిరిగివస్తాడు. అది దాదాపు అసంభవం. 1901 నాటి అలబామా రాజ్యాంగం చదువు, ఆస్తి, ఉపాధి షరతులతో పాటు ఏడాదికి ఒకటిన్నర డాలర్ల ఓటు పన్ను పెట్టింది. 21 ఏళ్ళనుంచి 45 ఏళ్ళదాకా కట్టాలి, కట్టని ఏటి బకాయి పేరుకుంటుంది, అంటే 24 ఏళ్ళకు 36 డాలర్లు. గడువు ఫిబ్రవరి 1. డిసెంబరులో లెక్క తేలాక బాకీ మిగిలిన రైతు దగ్గర ఫిబ్రవరికి ఏం ఉంటుందో నువ్వే చెప్పు. 1900లో ఓటు హక్కుకు అర్హులైన నల్లజాతి పురుషులు లక్షా ఎనభై వేలకు పైగా ఉంటే, 1903 నాటికి నమోదైనవాళ్ళు మూడు వేలకు అటూ ఇటూ మిగిలారు. పేద తెల్లవాళ్ళలో కూడా వేలమంది ఈ పన్నువల్ల ఓటు వదులుకున్నారు. నీ కమ్మరిని ఓటు దగ్గరకు పంపవద్దు. ఎన్నికల రోజున ఆయన దుకాణం తెరిచి, జడ్జి గుర్రానికి లాడం కొడుతూ, బయట వాళ్ళు మాట్లాడుకునేది వింటున్నట్టు రాయి.

జిన్నింగు మిల్లు దృశ్యం నీకు బాగా వచ్చింది, అక్కడ ఒక్క లెక్క చేరిస్తే చాలు. సుమారు పదిహేను వందల పౌన్ల గింజ పత్తి ఆడిస్తే అయిదు వందల పౌన్ల బేలు ఒకటి వస్తుంది, మిగిలింది చాలావరకు గింజ. ఆడించిన కూలి తరచుగా ఆ గింజతోనే చెల్లిపోయేది. తరవాత వీధిలో కొనుగోలుదారు బేలు పక్కన కత్తితో కోసి, గుప్పెడు దూది లాగి, రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య పింజ సాగదీసి పొడవు చూసి, పౌనుకు ఇన్ని సెంట్లని పలుకుతాడు. ఆ గుప్పెడు దూది మీద ఒక కుటుంబం ఏడాది ఆధారపడి ఉందని నువ్వు చెప్పనక్కరలేదు, ఆ వేళ్ళను చూపిస్తే చాలు. ధర మాత్రం ఆ వీధిలో తయారయ్యేది కాదు. 1914లో యూరప్‌లో యుద్ధం రాగానే న్యూయార్క్ పత్తి ఎక్స్చేంజి జులై 31న మూతపడి నవంబరు 16దాకా తెరుచుకోలేదు. వేసవిలో పదమూడు సెంట్ల దగ్గర ఉన్న పౌను ఆ శరత్తులో ఆరేడు సెంట్లకు పడిపోయింది. ఊళ్ళోవాళ్ళను తలా ఒక బేలు పౌనుకు పది సెంట్ల చొప్పున, అంటే 50 డాలర్లకు కొనమని ఉద్యమం నడిచింది, కొన్న బేళ్ళను దుకాణాల ముందు జనానికి కనిపించేలా నిలబెట్టారు. నీ కథ ఆ ఏడాది దాటుతుంది కాబట్టి దాన్ని వదలవద్దు. పార్సిల్ పోస్టు 1913 జనవరి 1న మొదలవడం, కేటలాగు చూసి చికాగోనుంచి సరుకు తెప్పించుకోగలగడం చిన్న కొట్లవాళ్ళను ఎంత కలవరపెట్టాయో ఒక పేరాలో చెప్పేయవచ్చు.

పురుగు దగ్గర నువ్వు తడబడ్డావు. పత్తి మొగ్గల్నీ కాయల్నీ తొలిచే బోల్ వీవిల్‌ను గులాబీ పురుగు అని రాశావు. మన పొలాల్లో కనిపించే గులాబీ పురుగు వేరు, ఇది ముక్కుపురుగు జాతి. 1892 ప్రాంతంలో మెక్సికోనుంచి టెక్సస్‌లోకి వచ్చి, ఏటేటా తూర్పుకు జరుగుతూ 1915కు నీ నవల ఊరున్న కాఫీ కౌంటీలో దిగింది. ఆ కౌంటీలోని ఎంటర్‌ప్రైజ్ ఊళ్ళో దీనికి నిలబెట్టిన స్మారకాన్ని, ఒక స్త్రీ విగ్రహాన్ని, నువ్వు ఫొటో తీసి పంపావు, నవల ముగింపు అదే అన్నావు. 1919 డిసెంబరు 11న ఆవిష్కరించారు. పురుగు బొమ్మను ఆ స్త్రీ విగ్రహం చేతుల్లో పెట్టింది 1949లో కాబట్టి, నీ పాత్రలు ఆవిష్కరణ రోజున పురుగు బొమ్మను చూడకూడదు.

పురుగు వచ్చి ఊరిని వేరుశనగకు మళ్ళించింది, ఊరు బాగుపడింది అనే కథను నువ్వు ఉన్నదున్నట్టు తీసుకున్నావు. నేను దాన్ని మరోలా చదువుతాను. పత్తి ఒక్కటే వెయ్యమని రైతును పట్టుబట్టింది అప్పు ఇచ్చేవాడు. పత్తి నిలవ ఉంటుంది, ఎప్పుడైనా అమ్ముడవుతుంది, రైతు దాన్ని తినేయలేడు. 1916లో ఎచ్. ఎం. సెషన్స్ అనే వ్యాపారి వేరుశనగ విత్తనం తెప్పించి, అప్పుల్లో ఉన్న సి. డబ్ల్యు. బాస్టన్ అనే రైతును ఒప్పించి వేయించాడు. మరుసటి ఏడాదికి ఆ కౌంటీ పది లక్షల బుషెళ్ళకు (బుషెల్ అక్కడి ధాన్యపు కొలత) పైగా వేరుశనగ పండించింది. అంటే, పురుగుకు భయపడి అప్పు ఇచ్చేవాడు మనసు మార్చుకున్న రోజున పొలం మారింది. రైతు అంతకు ముందే మార్చాలనుకున్నా అతనికి ఎవరు అప్పు ఇస్తారు?

1919 శరత్తులో, స్మారకం ఆవిష్కరణకు పది వారాల ముందు, పొరుగున మిసిసిపీ దాటి అర్కాన్సాస్‌లో, ఫిలిప్స్ కౌంటీ ఇలేన్ దగ్గర హూప్ స్పర్ అనే చోట నల్లజాతి పాలికాపులు ఒక చర్చిలో సమావేశమయ్యారు. వాళ్ళు అడగదలచుకున్నది తమ పత్తికి న్యాయమైన ధర, తమ ఖాతాకు అంశాలవారీ లెక్క. 1919 సెప్టెంబరు 30 రాత్రి చర్చి దగ్గర కాల్పులు జరిగాయి. తరవాతి రోజుల్లో తెల్లవాళ్ళ గుంపులు, సైన్యం ఆ పల్లెలమీద పడ్డాయి. చనిపోయిన నల్లజాతివాళ్ళ సంఖ్యను ఏ అధికారీ సరిగా లెక్కరాసి పెట్టలేదు. పన్నెండుమంది నల్లజాతివాళ్ళకు మరణశిక్ష వేశారు. 1923లో సుప్రీంకోర్టు వాళ్ళలో ఆరుగురి విచారణ తీరును ప్రశ్నించింది, చివరికి పన్నెండుమందీ విడుదలయ్యారు. నాన్నగారు నా మణికట్టు నొక్కింది మరుసటి ఏటి విత్తనం కోసం. ఇలేన్‌లో లెక్క అడిగినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ రెండు మౌనాలూ ఒకటేనని నీ నవలలో ఎక్కడా సూచించకు, నా అనుభవాన్ని చూపి అసలే సూచించకు. నీ ఊరివాళ్ళు ఆ అక్టోబరులో పత్రికలో ఆ వార్త చదివే ఉంటారు. స్మారకం ఆవిష్కరణకు ఆ కమ్మరి వచ్చి నిలబడితే, ఎక్కడ నిలబడనిచ్చారో, ఏం తలుచుకున్నాడో రాయి.

భాష గురించి ఒక్క మాట. షావుకారు, ఖాతా, పద్దు, పాలు (వాటా), జప్తు వంటి మాటలు ధైర్యంగా వాడు, మన పాఠకుడికి అవి ఒంటికి తగిలే మాటలు. కానీ అక్కడి జాతి భేదానికి మన కులాల పేర్లు తగిలించకు, నల్లజాతివాళ్ళ మాటకు మన ఏ జిల్లా యాసనూ అంటగట్టకు. ఊరి పటం కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో శాన్‌బోర్న్ అగ్ని బీమా పటాలు వెతుకు. ఏ కొట్టు ఇటుకది, ఏది చెక్కది అని రంగులతో సహా ఉంటుంది, నీ రైతు భార్య ఏ గడప దాటిందో నీకే తెలుస్తుంది. ఆనాటి వారపత్రికల్లో ముందు పేజీకంటే, పన్ను బకాయికి వేలం వేసే భూముల ప్రకటనలు ముందు చదువు.

రెండో అధ్యాయం తిరగరాసి పండగలోపు పంపు. ఆ ఆరు గజాల గుడ్డ ఎవరి ఖాతాలో పడిందో, ఏ ధరకు పడిందో, డిసెంబరులో దాన్ని పైకి చదివింది ఎవరో చూడాలని నాకు ఆత్రంగా ఉంది.