వేప నీడలో పూల వాసన కావాలంటే

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్గొండ. మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది. పోయినేడాది మే నెలలో వాళ్ల ఇంటి వెనక చెట్ల కింద నేలంతా పరుచుకున్న తెల్లటి చిన్న గంటల్లాంటి పూలు ఫోన్‌లో చూపించింది. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అట, నాలుగు కాడలు తెచ్చి పెడితే ఇల్లంతా వాసనే అంది. మా పెరట్లో ముప్పై ఏళ్ల వేపచెట్టు ఉంది, దాని కింద గడ్డి కూడా సరిగా మొలవదు. అక్కడ అవే వేద్దామని ఆన్‌లైన్‌లో పది దుంపలు తెప్పించాను. ఎనిమిది కుళ్లిపోయాయి, రెండు మొలిచాయి గానీ ఏప్రిల్ వచ్చేసరికి మాడిపోయాయి. ఎక్కడ తప్పు చేశాను? మళ్లీ తెప్పించమంటారా?

జవాబు: వద్దమ్మా, ఇంకో రూపాయి కూడా దాని మీద పెట్టకండి. మీ చేతిలో తప్పేమీ లేదు. ఆ మొక్క మన నేలది కాదు, మన ఎండది అసలే కాదు. దాని శాస్త్రీయ నామం కన్వలేరియా మజాలిస్, పుట్టిల్లు యూరప్, ఆసియాల చల్లటి అడవులు. చలికాలంలో ఆకులన్నీ పోగొట్టుకుని మట్టిలో నిద్రపోతుంది, ఆ నిద్రలో రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లోలాంటి గట్టి చలి తగిలితేనే వసంతంలో సరిగ్గా లేచి పూస్తుంది. మన దగ్గర జనవరిలో రాత్రి 12, 13 డిగ్రీలకు దిగితే స్వెట్టర్లు తీస్తాం, పొద్దెక్కేసరికి మళ్లీ 28, 30. ఆ చలి దానికి ఏ మూలకీ సరిపోదు. ఇక మే సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్‌లో మే 1న ఒకరికొకరు ఈ పూల రెమ్మలు ఇచ్చుకుంటారు, ఫిన్లాండ్‌కైతే ఇది జాతీయ పుష్పం, అక్కడ అది హాయిగా పూసే ఆ నెలాఖరులో మనకు రోళ్లు పగిలే రోహిణి కార్తె వస్తుంది, నల్గొండలో 44 డిగ్రీలు దాటుతుంది. వేప నీడ ఎండను ఆపుతుంది గానీ వడగాలిని ఆపలేదు కదా.

ఇంకో మాట. మీకు వచ్చినవి ఉల్లిగడ్డల్లా గుండ్రంగా ఉంటే అవి అసలు ఆ మొక్కే కాదు. దానికి పసుపు కొమ్ముల్లా మట్టిలో అడ్డంగా పాకే సన్నటి వేరుకాండం ఉంటుంది, మొలక కొస పెన్సిల్ మొనలా ఉంటుంది. పేరు చూసి మనం లిల్లీ అనుకుంటాం గానీ అది నిజమైన లిల్లీ కుటుంబానిది కాదు, మన పిల్లిపీచర, అంటే శతావరి ఉన్న కుటుంబానిది. హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో లిల్లీ పూలని అమ్మే నేలసంపెంగ కూడా ఆ కుటుంబమే. అలాగని వేప కింద నేలసంపెంగ పెట్టేయకండి, దానికి మంచి ఎండ కావాలి, నీడలో ఆకులు పెరుగుతాయి తప్ప పూలు రావు.

విషం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు ఇది చెప్పరు. లిల్లీ ఆఫ్ ది వ్యాలీలో ఆకు, పూవు, వేరు, ఎర్రటి పండు అన్నీ విషమే. గుండె మీద పనిచేసే విషం, మన గన్నేరులో ఉన్నలాంటిదే. ఆ కాడలు పెట్టిన నీళ్లు కూడా పిల్లలకు అందకూడదు. అమ్మాయి ఇంట్లో పసిపిల్లలుంటే ఈ ఒక్క మాట ఫోన్‌లో తప్పకుండా చెప్పండి.

సరే, వేప కింద ఏం పెట్టాలి? మీకు కావలసింది నేలను కప్పే ఆకు, తెల్లటి పూవు, వాసన, అంతే కదా. నేనైతే కళ్లు మూసుకుని స్పైడర్ లిల్లీ అంటాను. పట్టీల్లాంటి పొడవాటి పచ్చటి ఆకులు, వానలు పడ్డాక సన్నటి కాళ్లున్న తెల్లటి పూలు, సాయంత్రం వాటి దగ్గర నిలబడితే తియ్యటి వాసన. దేవరకొండలో మా అమ్మగారింట్లో బావి పక్కన చింతచెట్టు కింద ఇవి గుంపుగా ఉండేవి, ఎవరు నాటారో ఎవరికీ గుర్తులేదు, ఎవరూ ప్రత్యేకంగా నీళ్లు పోసిందీ లేదు. నర్సరీల్లో దొరికే రకం మొదట్లో సముద్రపు ఒడ్డున పెరిగిన మొక్క, అందుకే మన ఉప్పు బోరు నీళ్లను కూడా తట్టుకుంటుంది. పేరు దగ్గరగా ఉందని స్పైడర్ ప్లాంట్ ఇస్తే మాత్రం తీసుకోకండి. దానికి వాసన లేదు, పైగా ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు పోస్తే ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండిపోతాయి, నల్గొండ బోర్ల సంగతి మీకు తెలిసిందే.

ఇప్పుడు అసలు పని. వేప కింద ఏదీ మొలవకపోవడానికి నీడ ఒక్కటే కారణం కాదు, పైపైనే అల్లుకున్న వేపవేర్లు పడిన నీళ్లన్నీ తాగేస్తాయి. కాబట్టి గడ్డపారతో ఆ జాగంతా తవ్వి వేర్లు నరకకండి, చెట్టుకూ దెబ్బే. మొదలు నుంచి మూడు అడుగులు వదిలేసి, వేర్ల మధ్య చెయ్యి పట్టేంత సందు ఎక్కడుందో చూసుకుని అక్కడక్కడ జానెడు గుంతలు తీయండి. తీసిన ఎర్రమట్టికి సగం పాత పెంట ఎరువు కలపండి, అది బాగా మాగి ఉండాలి, పచ్చిదైతే వేడికి గడ్డ కుళ్లుతుంది. గడ్డ మెడ మట్టి పైకి కనిపించేలా అడుగుకొకటి నాటండి. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక మొదలుపెడితే చలికాలానికి వేరు పట్టేస్తుంది. మొదటి ఎండాకాలం మాత్రం వారానికి రెండుసార్లు, పొద్దున్నే, నేల లోపలిదాకా తడిసేలా పోయాలి. రోజూ నాలుగు చెంబులు చిలకరిస్తే ఆ తడి పైన ఉన్న వేపవేర్లకే చాలదు. రాలిన వేపాకు ఊడ్చి తగలబెట్టకండి, రెండు అంగుళాల మందాన మొక్కల మధ్యే పరిచేయండి. మూడో ఏటికి పిల్లగడ్డలు పుట్టి అవే దగ్గరవుతాయి.

స్పైడర్ లిల్లీ గడ్డ కూడా తినేది కాదు, తింటే వాంతులవుతాయి. నాటాక చేతులు కడుక్కోండి, మిగిలిన గడ్డల్ని వంటింట్లో ఉల్లిగడ్డల పక్కన పెట్టకండి.

చెట్టు అంచున, పూటకు రెండు గంటల ఎండ తగిలే చోట వాము ఆకు కొమ్మలు గుచ్చండి. పూవు కోసం కాదు, కాలు తగిలినా చెయ్యి తగిలినా వచ్చే ఆ ఘాటు వాసన కోసం, వానాకాలం బజ్జీల కోసం. నీళ్లు నిలిస్తే మాత్రం ఒక్క రాత్రిలో మురిగిపోతుంది. వాసన లేకపోయినా పరవాలేదు జడలోకి పూలు కావాలంటే కనకాంబరం ఆ సగం నీడలో చక్కగా వస్తుంది.

ప్రశ్న: లిల్లీ ఆఫ్ ది వ్యాలీని ఫ్రిజ్‌లో పెట్టి పూయించవచ్చని విన్నాను, నిజమేనా? (వనపర్తి)

జవాబు: ఒక్కసారికి నిజమే. నిద్రలో ఉన్న మొలకలను తడి కొబ్బరి పొట్టులో చుట్టి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచి, డిసెంబరులో కుండీలో పెట్టి ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో ఉంచితే నాలుగైదు వారాల్లో పూయవచ్చు. ఆ తర్వాత మన ఎండాకాలం దాటదు, ఏటా కొత్తవి కొనాల్సిందే. మెంతికూర, కొత్తిమీర పెట్టే ఫ్రిజ్‌లో అంత విషపు మొక్కను మూడు నెలలు ఉంచడం నాకైతే అస్సలు ఇష్టం లేదు.

ప్రశ్న: సెంటు సీసా మీద ఆ పూల పేరు ఉంటుంది కదా, పూల నుంచే తీస్తారా? (మిర్యాలగూడ)

జవాబు: లేదు. మల్లె నుంచి, గులాబీ నుంచి తీసినట్టు ఆ పూల నుంచి సరిపడా సుగంధం తీయడం కుదరలేదు. వేరే పదార్థాలు కలిపి ఆ వాసనను తయారుచేస్తారు. 1956లో వచ్చిన డియోరిసిమో అనే ప్రసిద్ధ సెంటు కూడా అలా చేసిందే.

ప్రశ్న: మేడమ్, మాది మహబూబ్‌నగర్. ఇంటికి ఉత్తరం పక్క ఎప్పుడూ నీడే. అక్కడ వాసన పూల మొక్కలు పెడదామంటే పాములొస్తాయని మా అత్తమ్మ ఒప్పుకోవట్లేదు. ఆమెకు ఏం చెప్పాలి?

జవాబు: అత్తమ్మ భయం ఊరికే పుట్టింది కాదమ్మా, కొట్టిపారేయకండి. కానీ పాము పూల వాసనకు రాదు. ఎలుక కోసం, కప్ప కోసం వస్తుంది, చల్లటి చీకటి చోటు దొరికితే ఆగుతుంది. గుబురు మొక్కల కింద ఆ రెండూ దొరుకుతాయి కాబట్టి పెద్దవాళ్లకు మొక్క దగ్గర పాము కనిపించింది, వాసనకే వచ్చిందనుకున్నారు. మీరు గోడకు, మొక్కలకు మధ్య రెండు అడుగుల జాగ వదిలి అక్కడ కంకర పోయించండి, దర్వాజ దగ్గర గుబురుగా ఏదీ పెట్టకండి, విరిగిన కుండీలు, ఇటుకలు, కట్టెల మోపులు ఆ పక్క పెట్టకండి, కోళ్ల దాణా, బియ్యం నూకలు రాత్రిపూట బయట వదలకండి. స్పైడర్ లిల్లీని ఒకే గుంపుగా కాకుండా ఒక వరుసలో పెడితే మొదళ్లలో ఏముందో కనిపిస్తుంది. ఎండిన ఆకులు నెలకోసారి కర్రతో కదిపాకే చేత్తో తీయండి, పొద్దుగూకాక అటువైపు వెళ్తే టార్చి, కాళ్లకు చెప్పులు. మొదట నాలుగే మొక్కలు, అత్తమ్మకు రోజూ కనిపించే చోట పెట్టండి. ఒక వానాకాలం గడిచాక మిగతావి ఎక్కడ పెట్టాలో ఆమెనే అడగండి.