విచర్ 3 రివ్యూ రాస్తున్న మేనకోడలికి

బిడ్డా,

నువ్వు పంపిన రివ్యూ మొత్తం చదివాను. డిగ్రీ చదువుకుంటూ, విచర్ 3 లాంటి ఇంత పెద్ద వీడియో గేమ్ మీద తెలుగులో రాయాలనుకున్నావు చూడు, అది నాకు చాలా నచ్చింది. మన నల్లగొండలో ఆడే పిల్లలకు కొదవ లేదు. ఆడినదాని గురించి కుదురుగా రాసేవాళ్లే తక్కువ. అందుకే బాగుందని చెప్పి ఊరుకోకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పట్టిక తీసెయ్. ఎడమవైపు ప్లస్‌లు, కుడివైపు మైనస్‌లు, కింద పదికి తొమ్మిది మార్కులు. నువ్వు రాసిందే ఇంకోసారి చూడు. ఎడమవైపు ‘మ్యాప్ చాలా పెద్దది’ అన్నావు, కుడివైపు ‘ఆట మరీ పొడుగు’ అన్నావు. ఎడమవైపు ‘పక్క పనులు (సైడ్ క్వెస్ట్‌లు) బోలెడు’, కుడివైపు ‘అసలు కథ మధ్యలో మర్చిపోతాం’. ఇవి నాలుగు విషయాలు కావు, రెండే. ఇంత విశాలమైన ఆటలో మంచీ చెడూ ఒకే చోట మొలుస్తాయి. చదివేవాడికి కావాల్సింది లెక్క కాదు. ఆ విశాలత ఎక్కడ కథకు బలమిచ్చింది, ఎక్కడ కథను మింగేసింది, అది చెప్పు. మిగతా రివ్యూ అంతా దాని చుట్టూ తిరగాలి.

క్లాక్‌టవర్ దగ్గర నెట్ సెంటర్ నడిపినన్నాళ్లూ నేను చూసింది ఒకటే. కొత్త ఆట రాగానే పిల్లలు ముందు మ్యాప్ తెరిచి ‘ఎంత పెద్దగుందో చూడన్నా’ అనేవాళ్లు. కొన్ని వారాలకు అదే ఆటను సగంలో వదిలేసి ఇంకోటి అడిగేవాళ్లు. ఎందుకు వదిలేశావంటే సరిగ్గా చెప్పలేకపోయేవాళ్లు, ‘బోర్ కొట్టిందన్నా’ అంతే. ఆ బోర్ ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకోవడమే రివ్యూ రాసేవాడి పని. సాగర్ నిండిందంటే జిల్లా అంతా సంతోషిస్తుంది కానీ, ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతు తన మడిలోకి నీళ్లొచ్చాయా లేదా అనే చూస్తాడు. నువ్వు కూడా ఆటను మొదటి పది గంటల దగ్గర కాదు, యాభయ్యో గంట దగ్గర నిలబడి చూడు. విచర్ 3లో ప్రధాన కథే ఇంచుమించు 50 గంటలు. పక్క పనులన్నీ చేసుకుంటూ పోతే వంద దాటుతుంది. నీ రివ్యూలో మెచ్చుకున్నవన్నీ దాదాపు మొదటి ఊరు వైట్ ఆర్చర్డ్‌వే. మిగతాదంతా ఏమైంది?

అయితే వైట్ ఆర్చర్డ్ గురించి రాయొద్దని కాదు. అక్కడ పెనం పోగొట్టుకున్న ముసలమ్మ ఉంది కదా, ఆమె గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆట బలం ఏమిటో చూపించడానికి అంతకన్నా మంచి చోటు లేదు. తలుపు మూసేసిన గుడిసె ముందు నిలబడి, ఎవరికో ఇచ్చిన తన పెనం కోసం ఆమె గొడవ పడుతుంటుంది. మనం ఆడే పాత్ర, రాక్షసులను వేటాడే గెరాల్ట్, తలుపు పగలగొట్టి లోపలికెళ్తే ఒక శవం, కాలిన కాగితాలు, ఒంటికంటికి పెట్టుకునే అద్దం, ఒక మూల పెనం. ఆ పెనానికున్న మసి అంతా గీకేసి ఉంటుంది. సిరా చేసుకోవడానికి ఎవరో మసి గీక్కున్నారని గెరాల్ట్ కనిపెడతాడు. లోపల గూఢచారుల వ్యవహారం ఏదో నడిచిందని మనకు అర్థమవుతుంది. ముసలమ్మకు అదేమీ పట్టదు, పెనం కొత్తదానిలా మెరుస్తోందని సంబరపడుతుంది. ఆ అద్దం పెట్టుకునే మనిషి చాలా తర్వాత కథలో తగులుతాడు. ఇది అయిదు నిమిషాల పని, చేతికొచ్చేది పెద్దగా ఏమీ లేదు. అయినా యుద్ధం వచ్చిన ఊళ్లో పెద్దవాళ్ల కుట్రలు ఎలా ఉంటాయో, పేదవాళ్ల బతుకు ఎలా ఉంటుందో ఆ ఒక్క పెనం చూపించింది. ‘సైడ్ క్వెస్ట్‌లు సూపర్’ అని రాసే బదులు ఇది చెప్పు. చదివినవాడికి వెంటనే అర్థమవుతుంది.

తర్వాత వెలెన్ అనే ప్రాంతం. అక్కడి దొర బ్యారన్ కథను ‘ఎమోషనల్‌గా ఉంది’ అని ఒక్క లైన్‌లో తేల్చేశావు. తాగి భార్యను కొట్టే మనిషి, ఆమె వెళ్లిపోయాక వెతికిపెట్టమని మనల్నే అడుగుతాడు. బెల్టు షాపు లేని ఊరు మన జిల్లాలో ఎక్కడుంది? ఆ ఇంటి పరిస్థితి మన చదువరులకు విడమర్చి చెప్పాల్సిన పని లేదు. కానీ ఆట ఆ మనిషిని క్షమించమనీ చెప్పదు, చంపమనీ చెప్పదు. పుట్టకముందే చనిపోయిన బిడ్డ, ఆచారం లేకుండా పాతిపెట్టినందుకు దయ్యమై లేస్తే, ఆ బ్యారనే దాన్ని చేతుల్లో ఎత్తుకుని వానలో నడిచి, పేరు పెట్టి గడప కింద పాతిపెడతాడు. ఆ నడక దారిలో బిడ్డ ఎప్పుడు తిరగబడుతుందోనని మన చేతులు వణుకుతాయి. ఇదంతా నీకు తెలుసు కాబట్టి నీకు రాస్తున్నాను, రివ్యూలో ఇంత విప్పకు. ‘ఒక తండ్రి చేసిన తప్పును ఆట మన ముందు పెట్టి, తీర్పు మనకు వదిలేస్తుంది’ అంటే చాలు. వెలెన్‌లోనే చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మ విషయం కూడా అంతే. దాన్ని వదిలినా నష్టమే, చంపినా నష్టమే, ఆ నష్టం ఎవరిదో మనకు వెంటనే తెలియదు. ఫలితం ఆలస్యంగా రావడానికి ఆట పొడుగే కారణం. చిన్న ఆటలో ఈ దెబ్బ తగలదు. ఇలాంటి చోట విశాలత కథకు పనికొచ్చిందని ధైర్యంగా రాయొచ్చు.

ఇక అదే విశాలత భారమయ్యే చోటుకు వద్దాం. మ్యాప్‌లో స్కెలిగే దీవుల చుట్టూ సముద్రం నిండా ప్రశ్న గుర్తులు, అంటే మనం ఇంకా చూడని చోట్లు. పడవ ఎక్కి పోవాలి, సైరెన్‌లనే రెక్కల రాక్షసులు మీద పడితే బాణాలతో కొట్టాలి, నీళ్లలో తేలుతున్న పీపాల దగ్గరికి చేరి ఈది, దొంగ సరుకు తీసుకోవాలి. మళ్లీ పడవ, మళ్లీ పీపాలు. అక్కడ ముసలమ్మ లేదు, పెనం లేదు. దొరికిన కత్తి మనం వాడుతున్న దానికన్నా నాసిరకం, అమ్ముకోవడానికే పనికొస్తుంది. మ్యాప్ మీద గుర్తు మిగిలిపోతే మనసు ఊరుకోదు కాబట్టి అన్నీ తిరుగుతాం. ఆ తిరుగుడులో గెరాల్ట్ వెతుకుతున్న పిల్ల సిరి ఎక్కడుందో, ఆమెను ఎందుకు వెతుకుతున్నామో వెనక్కి పోతుంది. ఇది నా ఒక్కడి మాట కాదు. 2022 డిసెంబరులో వచ్చిన పెద్ద అప్‌డేట్‌లో, మ్యాప్ తెరవగానే ఈ ప్రశ్న గుర్తులు కనపడకుండా చేసే ఫిల్టర్‌ను చేసినవాళ్లే పెట్టారు. నువ్వు ఆడింది ఆ అప్‌డేట్ తర్వాతే కదా, ఫిల్టర్ తీసి ఆడావా, ఉంచి ఆడావా? అది రాయకపోతే నీ ఫిర్యాదు సగమే.

కూతురిలాంటి పిల్ల ప్రాణాపాయంలో ఉందని కథ తొందరపెడుతుంటే, మనం సత్రంలో కూర్చుని గ్వెంట్ పేకలు ఆడుతుంటాం. దీన్ని నువ్వు మైనస్‌లో వేశావు, అది న్యాయమే. కానీ గ్వెంట్ ఎంత బాగా కుదిరిందంటే తర్వాత దాన్ని విడి ఆటగానే విడుదల చేశారు. లోపం ఆ పేకాటది కాదు. కథ చెప్పే తొందరకూ, ప్రపంచం ఇచ్చే తీరికకూ పొత్తు కుదరలేదు. తప్పు ఏ కీలు దగ్గర ఉందో ఇంత కచ్చితంగా చూపించాలి.

పోరాటం గురించి నువ్వు మెత్తగా రాశావు. మామూలు కష్టం మీద ఆడితే క్వెన్ అనే మంత్ర కవచం వేసుకో, పక్కకు తప్పుకో, రెండు దెబ్బలు కొట్టు. ముప్పయ్యో గంటలో కూడా ఇదే సరిపోతుంది. నూనెలు, కషాయాలు, రాక్షసుల పుస్తకం ఇంత శ్రద్ధగా తయారుచేసి, అవి లేకుండానే గెలిచేలా వదిలేశారు. కష్టం పెంచితేనే వాటికి విలువ వస్తుంది. కాబట్టి ఏ కష్టం మీద ఆడావో రాయి, కొత్తవాళ్లకు ఏది మంచిదో చెప్పు. లెవల్స్ సంగతి కూడా అంతే. మన లెవల్ కన్నా బాగా కిందున్న పని మంచి కథే అయినా, పూర్తి చేస్తే అనుభవ పాయింట్లు దాదాపు రావు. తిరగమని చెప్పిన ఆటే తిరిగినవాడికి తక్కువ ఇస్తుంది.

సామాన్ల బరువు, ఇళ్లలోకి దూరి డ్రాలు ఖాళీ చేయడం, ఎక్కమంటే ఇంకోవైపు పోయే గుర్రం, వీటికి రెండు లైన్లు చాలు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఏ వెర్షన్, ఏ మెషీన్ అన్నది మొదట్లోనే రాయాలి. ఈ ఆట 2015 మే 19న వచ్చింది. అప్పట్లో గెరాల్ట్ నడక మొద్దుగా ఉందనీ, సామాను దాచుకునే పెట్టె లేదనీ అందరూ తిట్టుకున్నారు. 2015 జూలైలో వచ్చిన ప్యాచ్‌లో ఆ పెట్టె వచ్చింది, నడకకు ఇంకో పద్ధతీ వచ్చింది. నువ్వు పాత వీడియోలు చూసి ‘స్టోరేజ్ ప్రాబ్లం’ అని రాసినట్టుంది, తీసెయ్. నీ సొంత లాప్‌టాప్‌లో ఏం జరిగిందో రాయి. ఆటలోని పెద్ద నగరం నోవిగ్రాడ్ బజారులో ఆట నత్తనడక నడిచిందని ఫోన్‌లో చెప్పావు కదా, రివ్యూలో అది లేదు. మన పిల్లల్లో చాలామంది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ల మీదే ఆడతారు, వాళ్లకు కావాల్సింది అదే. 50 జీబీ ఖాళీ పెట్టుకోవాలని కూడా చెప్పు. హాస్టల్ వైఫై మీద దించుకునేవాడికి అది చిన్న సంగతి కాదు.

ఇంకో విషయం నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈ ఆటలో తెలుగు లేదు, హిందీ కూడా లేదు. ఆట బలమంతా మాటల్లో ఉంది, ఆ మాటలు ఇంగ్లిష్‌లో, అందులోనూ రైతులు, సైనికులు మాట్లాడే యాసల్లో ఉన్నాయి. తెలుగు మీడియంలో చదివి దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన పిల్లవాడు కింద సబ్‌టైటిల్ చదువుకునేలోపే కొన్ని చోట్ల జవాబు ఎంచుకునే టైమర్ అయిపోతుంది. వాడికి ఈ ఆట ‘కథ బాలేదు’ అనిపిస్తే ఆ తప్పు వాడిది కాదు. ఇంగ్లిష్ రివ్యూ రాసేవాళ్లకు ఈ సంగతి తట్టదు. నీకు తట్టాలి. మొదట్లో నెమ్మదిగా ఆడమను, అర్థం కాని మాట ఉంటే డైరీలాంటి క్వెస్ట్ పేజీలో జరిగిన కథ మళ్లీ ఉంటుంది, అది చదువుకోమను. అలాగే ఇది పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల ఆట అని సిగ్గుపడకుండా స్పష్టంగా రాయి. రక్తం, నగ్నత్వం ఉన్నాయి. హాల్లో అమ్మమ్మ ముందు ఆడేది కాదు.

పోలిక తెస్తే జాగ్రత్తగా తే. ‘స్కైరిమ్‌లో మన పాత్ర మనం చేసుకోవచ్చు, ఇందులో కుదరదు’ అని మైనస్ వేశావు. 2011లో వచ్చిన స్కైరిమ్ ఏ దిక్కుకైనా పొమ్మంటుంది, మనం ఎవరైనా కావచ్చు. అందుకే అక్కడి మనుషులు మనల్ని పెద్దగా పట్టించుకోరు. గెరాల్ట్ ముందే తయారైన మనిషి. వాడికి గతం ఉంది, పాత స్నేహాలున్నాయి, అందుకే వెలెన్‌లో ఎవరైనా వాడి ముఖం మీద తిడితే మనకు తగులుతుంది. ఎల్డెన్ రింగ్ చూడు, 2022లో వచ్చింది, ఎక్కడికి పోవాలో రాసిపెట్టే జాబితా కూడా ఉండదు. ఒక్కొక్కటీ ఒక్కో బేరం. ఆట తాను ఇస్తానన్నది ఇచ్చిందా అని అడుగు, పక్క ఆట ఇచ్చినది ఎందుకివ్వలేదని కాదు.

ఈ ఆటకే తర్వాత వచ్చిన రెండు అదనపు భాగాలు నువ్వు ఇంకా ఆడలేదన్నావు. ఆడకుండా వాటి గురించి రాయకు, ‘బాగుంటాయట’ అని కూడా రాయకు. కానీ పూర్తి రివ్యూ పెట్టేముందు కనీసం హార్ట్స్ ఆఫ్ స్టోన్ ఆడు, 2015 అక్టోబరులో వచ్చింది. కొత్త దేశమేమీ లేదు, పాత మ్యాప్‌లోనే ఒక మూల కొంచెం పెంచారు. అయినా అందులోని దుష్టుడు అసలు ఆటలోని ప్రధాన శత్రువు వైల్డ్ హంట్ రాజు కన్నా ఎక్కువ భయపెడతాడు. ఒక పెళ్లి ఉంటుంది, గెరాల్ట్ ఒంట్లోకి ఒక సరదా దయ్యం దూరి ఆ రాత్రంతా ఆడి పాడుతుంది. ఎప్పుడూ ముడుచుకుని ఉండే మనిషి అలా నవ్వుతుంటే చూడాలి నువ్వు. చేసినవాళ్లు అదే, మనిషీ అదే, మ్యాప్ మాత్రం చిన్నది. పెద్ద ఆటలో ఏది బరువు, ఏది బలం అని నువ్వు వేసుకున్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

మార్కుల సంగతి. తొమ్మిది వేయాలనిపిస్తే వేసుకో, కానీ ఎవరికి తొమ్మిదో చెప్పు. సెలవుల్లో తీరిక ఉండి, కథ కోసం ఆడేవాడికి ఇది కొనదగ్గ ఆట, సేల్‌లో ధర కూడా బాగా తగ్గుతుంది. ఆదివారం రెండు గంటలు దొరికేవాడికి, లేదా కత్తి తిప్పడంలోనే మజా కోరేవాడికి వెలెన్ దాకా ఆడి ఆలోచించుకోమని రాయి. బ్యారన్ కథ అయ్యేసరికి కూడా మనసు పట్టకపోతే ముందుకు పోయినా పట్టదు.

మీ అమ్మకు చెప్పు, వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. ఆలోపు స్కెలిగే భాగం తిరగరాసి ఉంచు. లాప్‌టాప్ ఫ్యాన్ మోత కూడా ఒకసారి చూస్తాను, దుమ్ము పట్టి ఉంటుంది.

మీ మామ