ఉచితంగా ఇచ్చిన ఫర్మ్‌వేర్‌ను మరొకరు అమ్ముకుంటే?

ప్రశ్న: మాది కడప. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పాత కంప్యూటర్లను బాగుచేసి నడిపించే మిత్రబృందంలో సభ్యుణ్ణి. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే 1980ల నాటి హోమ్ కంప్యూటర్‌లో టేపుకు బదులు మెమరీ కార్డు వాడుకునేలా ఒక బోర్డు తయారుచేసి, దాని ఫర్మ్‌వేర్‌ను (బోర్డును నడిపే ప్రోగ్రామును) సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్ రాసిన మూల పాఠం) లేకుండా, స్పెక్ట్రమ్ రోమ్ ఫైలుతో (ఆ కంప్యూటర్‌లో మొదటి నుంచీ ఉండే ప్రోగ్రాము నకలుతో) కలిపి అందరికీ ఉచితంగా ఇచ్చాను. "సొంత వాడకానికే, అమ్మరాదు" అని రీడ్‌మీలో (జతచేసిన సూచనల ఫైలులో) రాశాను. ఇప్పుడు బృందంలోని ఒకరు ఆ ఫర్మ్‌వేర్ ఎక్కించిన బోర్డులను 2,800 రూపాయలకు అమ్ముతున్నారు. ఎర్రర్ మెసేజ్‌లో నేను చేసిన స్పెల్లింగ్ తప్పు కూడా ఆయన బోర్డులో అలాగే కనిపిస్తోంది. అడిగితే, "ఊరికే పంచిపెట్టినదానిపై నీకు హక్కేమిటి? అందులో జీపీఎల్ కోడ్ కూడా ఉంది కదా" అంటున్నారు. కార్డును చదివే భాగాన్ని జీపీఎల్ (సోర్స్ కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు) ప్రాజెక్టు నుంచి తీసుకున్న మాట నిజమే. లీగల్ నోటీసు పంపవచ్చా?

జవాబు: ఉచితంగా ఇచ్చినంత మాత్రాన మీ హక్కు పోలేదు. కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చింది కాబట్టి, సోర్స్ కోడ్ బయటపెట్టకపోయినా, రిజిస్ట్రేషన్ చేయించకపోయినా, రాసినప్పటి నుంచే మీకు హక్కు ఉంటుంది. దాన్ని వదులుకోవాలంటే 21వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ రిజిస్ట్రారుకు నోటీసు గానీ, బహిరంగ ప్రకటన గానీ ఇవ్వాలి. మిత్రులకు జిప్ ఫైలు పంచడం ఆ కిందికి రాదు. పైగా మీరు రీడ్‌మీలో షరతు రాసిపెట్టారు. మీ ఫర్మ్‌వేర్ పనితీరును పరిశీలించి ఆయన తన సొంత కోడ్ రాసుకుని ఉంటే 52వ సెక్షన్ ఆయనకు అండగా నిలిచేది, మీరు అభ్యంతరం చెప్పగలిగేవారు కాదు. కానీ మీ స్పెల్లింగ్ తప్పు కూడా యథాతథంగా అక్కడ తేలడం నకలు చేశారనడానికి గట్టి ఆధారం.

అయినా ఈ వారంలో నోటీసు పంపవద్దని నా గట్టి సలహా. కారణం ఆ జీపీఎల్ భాగమే. ఆ లైసెన్సు కింద తీసుకున్న కోడ్‌ను మీ కోడ్‌తో కలిపి ఒకే ప్రోగ్రాముగా చేసి ఇతరులకు ఇచ్చినప్పుడు, మొత్తం ప్రోగ్రామును అవే షరతులపై, సోర్స్ కోడ్‌తో సహా ఇవ్వాలి. అమ్మరాదనే అదనపు ఆంక్ష పెట్టకూడదు. జీపీఎల్ అమ్మకాన్ని అనుమతిస్తుంది, సోర్స్‌ను దాచడాన్నే అనుమతించదు. అంటే మీ రీడ్‌మీలోని వాక్యం మీరు తీసుకున్న లైసెన్సుకే విరుద్ధంగా ఉంది. ఇంజంక్షన్ (అమ్మకం ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోరి వచ్చినవారి ప్రవర్తనే లోపభూయిష్టమైతే కోర్టు దాన్ని నిరాకరించడానికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని 41వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. అవతలి న్యాయవాది మొదట పట్టుకునేది దాన్నే. అలాగని మీ పొరపాటు ఆయనకు లైసెన్సు అయిపోదు. మీరు స్వయంగా రాసిన వరుసలపై హక్కు మీదే. మీ కోడ్‌ను జీపీఎల్ కింద ఇస్తున్నామని మీరు ఎక్కడా ప్రకటించలేదు. ఆయన కూడా సోర్స్ ఇవ్వకుండానే అమ్ముతున్నారు కనుక జీపీఎల్ నీడన ఆయనా నిలబడలేరు.

ముందు ఆ కోడ్ జీపీఎల్ ఏ వెర్షన్ కిందిదో చూడండి. 1991 నాటి రెండో వెర్షన్‌లో, షరతు మీరిన వెంటనే మీ అనుమతి దానంతటదే రద్దవుతుంది. 2007 నాటి మూడో వెర్షన్ కొంత ఊరటనిస్తుంది: ఉల్లంఘన పూర్తిగా ఆపిన తరువాత 60 రోజుల్లోపు మూల రచయిత అభ్యంతరం తెలపకపోతే అనుమతి శాశ్వతంగా తిరిగి వస్తుంది. ఏ వెర్షనైనా, మూల రచయితలకు జరిగింది దాచకుండా రాసి మన్నింపు కోరడం మంచిది. ఆ తరువాత, కార్డును చదివే భాగాన్ని మీరే కొత్తగా రాసి మీ షరతులతో కొత్త విడుదల ఇవ్వవచ్చు, లేదా మొత్తం సోర్స్‌ను జీపీఎల్ కింద ఇచ్చేయవచ్చు. రెండోది ఎంచుకుంటే ఆయన అమ్మకాన్ని మీరు ఆపలేరు. కానీ మీ కాపీరైట్ ప్రకటన తీసేయకుండా ఉంచి, కొన్నవారికి సోర్స్ ఇవ్వవలసిన బాధ్యత ఆయనపై పడుతుంది. పాత యంత్రాలను బతికించుకునే బృందానికి నిజంగా పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు లేని రోజున కూడా ఆ బోర్డును ఎవరో ఒకరు బాగుచేయగలుగుతారు.

మీ ఉద్యోగ ఒప్పందం కూడా తీసి చదవండి. ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం యజమానే తొలి హక్కుదారు. సెలవు రోజుల్లో సొంత ల్యాప్‌టాప్‌పై రాసినది సాధారణంగా ఆ పరిధిలోకి రాదు. కానీ ఉద్యోగంలో ఉండగా రాసిన ప్రతి కోడూ సంస్థదేనని కొన్ని ఒప్పందాలు చెబుతాయి. అలాంటి వాక్యం కనిపిస్తే ముందుగా నాకు చూపించండి.

రోమ్ ఫైలును మాత్రం వెంటనే తొలగించండి. స్పెక్ట్రమ్ హక్కులను ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ 1986లో కొన్నది. కాపీరైట్ సందేశాన్ని మార్చకుండా ఎమ్యులేటర్లతో (పాత యంత్రాన్ని నేటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాములతో) పాటు రోమ్‌ను పంచుకోవచ్చని 1999లో అనుమతించింది. ఎమ్యులేటర్లకని ఇచ్చిన ఆ మాట మీ బోర్డుకు కూడా వర్తిస్తుందని అనుకోవడం ప్రమాదకరం.

ఈలోగా సాక్ష్యం పోగొట్టుకోకండి. ఒక మిత్రుడి ద్వారా ఆయన బోర్డును రసీదుతో కొనిపించి, అందులోని ఫర్మ్‌వేర్‌ను బయటకు తీసి, దాని హ్యాష్ విలువను (ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్యను) మీ ఫైలుతో పోల్చి రాసిపెట్టండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఇవ్వవలసిన ధ్రువపత్రంలో ఆ విలువ ఉండాలి.

పోలీసు ఫిర్యాదు ఆలోచన వద్దు. కాపీరైట్ చట్టంలోని 63వ సెక్షన్ నేరానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. అది కాగ్నిజబుల్ (వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ చేతిలోనే లోపం ఉండగా స్నేహితుడిని అంతదూరం ఈడ్చడం న్యాయం కాదు. ఆధారం లేని బెదిరింపు నోటీసు పంపితే 60వ సెక్షన్ కింద ఆయనే మీపై దావా వేయవచ్చు. మీ ఇల్లు చక్కబెట్టుకున్నాక, జీపీఎల్ విషయంలో మీ పొరపాటును మీరే ముందుగా ఒప్పుకుంటూ, కొత్త విడుదల షరతులను జతచేసి ఆయనకు ఒక ఉత్తరం రాయండి. 30 రోజుల గడువు ఇవ్వండి. అప్పటికీ పాత ఫర్మ్‌వేర్‌తోనే అమ్ముతుంటే, ఆ ఉత్తరం నకలుతో రండి, నోటీసు అప్పుడు రాద్దాం.