ఎప్పుడో వీకెండ్‌కి గోల్ఫ్ ఆడేవాళ్ళకి స్పెషల్ సామాన్లన్నీ నిజంగా అవసరమా?

అక్కర్లేదండి. వైజాగ్‌లో ఆరేళ్ళ నుంచి ఆదివారాలు ఆడుతున్న అనుభవంతో చెప్తున్నా. అర సెట్టు (ఆరేడు క్లబ్బులు, అంటే బాల్‌ని కొట్టే కర్రలు), మంచి షూస్, ఒక గ్లవ్ ఉంటే చాలు, మిగిలిన డబ్బు కోచింగ్‌కి పెట్టండి.

14 క్లబ్బులు ఉండి తీరాలని కొత్తవాళ్ళందరూ ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. 14 అంటే అంతకు మించకూడదని. అమెరికాలో ఆ రూల్ పెట్టింది 1938లో, అప్పట్లో కొందరు పాతిక పైనే క్యాడీ (బ్యాగు మోసే మనిషి) భుజానికి తగిలించేవాళ్ళు కాబట్టి. చిక్ ఎవాన్స్ అనే అమెచ్యూర్ 1916లో యూఎస్ ఓపెన్ గెలిచింది ఏడు క్లబ్బులతోనే, అతను కొట్టిన 286 కంటే తక్కువ స్కోరు ఆ టోర్నీలో ఇరవై ఏళ్ళ దాకా ఎవరూ కొట్టలేదు! (గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప.)

నేనూ మొదట్లో షాపు వాళ్ళ మాట నమ్మి ఫుల్ సెట్టు కొన్నా. ఒక నవంబర్ పొద్దున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో సముద్రం గాలి గట్టిగా వీస్తుంటే కొత్త డ్రైవర్‌తో (దూరం కొట్టే పెద్ద క్లబ్బు) మొదటి టీ మీదే, అంటే ఆట మొదలుపెట్టే చోటే, మూడు బాల్స్ వరసగా కుడివైపు పొదల్లోకి పోయాయి. మా క్యాడీ నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, ఏమీ అనకుండా డ్రైవర్ నా చేతిలోంచి తీసుకుని సెవెన్ ఐరన్ (మధ్యరకం దూరానికి వాడే ఇనుప క్లబ్బు) ఇచ్చాడు. "బాబూ, ఇయ్యాల దీంతోనే ఆడండి, పటర్ ఒకటుంటే సరిపోద్ది" అన్నాడు. పటర్ అంటే బాల్‌ని హోల్‌లోకి దొర్లించే క్లబ్బు. తొమ్మిది హోల్స్ ఆ రెండిటితోనే ఆడా, ఇసకలో పడితే క్లబ్బు ఫేస్ (బాల్‌కి తగిలే భాగం) కాస్త తెరిచి ఎలా లేపాలో కూడా చూపించాడు. ఎప్పుడూ 58, 60 కొట్టేవాణ్ణి ఆ రోజు 51 కొట్టా. కారణం సింపుల్, డ్రైవర్ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) పది డిగ్రీలు అటూఇటూ ఉంటుంది, ఫేస్ కొంచెం వంకరగా తగిలినా బాల్ పక్కకి తిరిగిపోతుంది, సెవెన్ ఐరన్‌కి లాఫ్ట్ ఎక్కువ కాబట్టి అంత వంపు రాదు.

సెవెన్ ఐరన్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. "మా కొత్త సెవెన్ ఐరన్ పదిహేను గజాలు ఎక్కువ పోతుంది" అని అమ్ముతారు చూడండి, అది నాకు ఒళ్ళు మండే విషయం. పాత సెవెన్ ఐరన్లకి 35 డిగ్రీల దాకా లాఫ్ట్ ఉండేది, ఇప్పుడు చాలావాటికి 30 కూడా ఉండట్లేదు, అంటే పాత ఫైవ్ ఐరన్ (నంబరు తగ్గితే లాఫ్ట్ తగ్గి బాల్ ఎక్కువ దూరం పోతుంది) దగ్గరికి తెచ్చి దాని మీద 7 అని వేస్తున్నారు. అది చూసి మనం డబ్బులు పోస్తున్నాం.

షూస్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. మంచుకి తడిసిన గడ్డి మీద, ఏటవాలులో, మామూలు స్పోర్ట్స్ షూతో గట్టిగా తిరిగితే కాలు జారుతుంది, నాకు మోకాలు పట్టేసి రెండు నెలలు ఆట లేదు. బాల్స్ అయితే వాడినవే కొనండి, కొత్తది అయినా పొదల్లోకే పోతుంది కదా.

ఇప్పుడు నా బ్యాగులో ఉన్నవి ఫైవ్ వుడ్, సిక్స్, ఎయిట్ ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్ (దగ్గర్నుంచి, ఇసకలోంచి బాల్ పైకి లేపేవి), పటర్. మీరు సెకండ్ హ్యాండ్ తీసుకునేటట్టయితే గ్రిప్పులు (చేత్తో పట్టుకునే పిడులు) పట్టుకుని చూడండి, గట్టిపడి జారుతుంటే ముందు అవి మార్పించుకుని అప్పుడు ఆడండి.