క్రాంకుకు మంచి రాడ్లు సరే, బిళ్ళలు కొలిచారా?

ప్రశ్న: నేను అమెరికాలోని టెక్సస్‌లో ఉంటాను. నా దగ్గర 2004 నాటి యమహా బాన్షీ ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) ఉంది. నాకు అమ్మిన వ్యక్తి అసలు క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) తీసేసి, చవకగా దొరికిన వేరే క్రాంకు వేయించాడట. ఇప్పుడు ఇంజను దించి చూస్తే కుడివైపు పిస్టనును క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగులో ప్లే (వదులు) వచ్చింది. రాడ్డును పైకీ కిందికీ లాగితే టక్కుమంటోంది. ఇదే క్రాంకును విప్పించి మేలైన రాడ్లు, బేరింగులు వేయించుకోవచ్చా? ఎలాగూ విప్పుతున్నావు కదా, స్ట్రోకు (పిస్టను పైనుండి కిందికి కదిలే దూరం) 4 మి.మీ. ఎక్కువ ఉన్న క్రాంకు వేయమని మిత్రులు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: రాడ్ల గురించి, బేరింగుల గురించి అడిగారు గాని, అవి కూర్చునే బిళ్ళల మాట మీరు ఎత్తలేదు. మీరు డబ్బు పెట్టాలా వద్దా అన్నది వాటిని బట్టే తేలుతుంది.

కారు ఇంజనులో క్రాంకు ఒకే ముక్కగా ఉంటుంది. రాడ్డు కింది భాగం రెండు ముక్కలుగా విడిపోయి బోల్టులతో బిగుస్తుంది. బాన్షీ వంటి టూ స్ట్రోకు ఇంజనులో దీనికి తలకిందులు. రాడ్డు ఒకే ముక్క, దాని కింద సూది రోలర్ల బేరింగు ఉంటుంది, అందుచేత క్రాంకునే ముక్కలుగా చేసి ప్రెస్సు మీద కూర్చుతారు. వెబ్ అనే గుండ్రటి బరువైన ఉక్కు బిళ్ళలు నాలుగు, వాటి మధ్య రాడ్డును మోసే పిన్నులు రెండు, రెండు సిలిండర్ల భాగాలను కలిపే అతుకు ఒకటి. వీటిని పట్టి ఉంచడానికి బోల్టు లేదు, తాళం లేదు. బిళ్ళలోని రంధ్రం కంటే పిన్ను మిల్లీమీటరులో కొన్ని వందోవంతులు లావుగా ఉంటుంది. ఆ బిగువే అన్నిటినీ పట్టి ఉంచుతుంది.

పిన్నును నొక్కి తీసిన ప్రతిసారీ రంధ్రం గోడ కొంత గీసుకుపోయి బిగువు తగ్గుతుంది. నాణ్యమైన ఫోర్జింగ్ ఉక్కయితే రెండు మూడు సార్లు ఓర్చుకోవచ్చు. చవక క్రాంకుల్లో రాడ్డు బాగానే ఉండి బిళ్ళ మెత్తగా ఉండటం కద్దు. అలాంటి బిళ్ళలో ఎంత ఖరీదైన రాడ్డు కిట్టు వేసినా, పునాది చూడకుండా పై అంతస్తు లేపినట్టే.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేతు షాపులో రాజ్‌దూత్ 350 బైకు క్రాంకు విప్పుతుంటే పక్కనే నిలబడి చూశాను. మొదటి పిన్ను ప్రెస్సు కింద చాలాసేపు మొరాయించి, తుపాకీ పేలినట్టు ఠప్పుమని కదిలింది. రెండోది చప్పుడు లేకుండా, వెన్నలోంచి వచ్చినట్టు జారిపోయింది. మేస్త్రి కొత్త పిన్ను చేతిలోకి కూడా తీసుకోకుండా ఆ బిళ్ళను పక్కన పెట్టేశాడు. రంధ్రం లోపల తుప్పు రంగు పొడి సన్నగా అంటుకొని ఉంది. అంటే పిన్ను ఇంజను నడుస్తుండగానే లోపల అణువంత కదులుతూ వచ్చిందన్నమాట. మీ క్రాంకు విప్పేటప్పుడు ఈ రెండు ఆనవాళ్ళనూ గమనించమని పనివారికి చెప్పండి. ఆ తరువాత బోరు గేజితో రంధ్రాన్నీ, మైక్రోమీటరుతో కొత్త పిన్నునూ కొలిపించి, ఆ రెండు అంకెలూ మీకు రాసి ఇమ్మని అడగండి.

బిళ్ళలు గట్టివని తేలితే నిశ్చింతగా కిట్లు కొనండి. మంచి కిట్టులో రాడ్డు, పిన్ను, కింది సూది బేరింగు, పక్క వాషర్లు, పై చిన్న బేరింగు అన్నీ కలిపి వస్తాయి. బేరింగు పంజరానికి (రోలర్లను పట్టి ఉంచే చట్రానికి) వెండి పూత ఉన్నది దొరికితే తీసుకోండి, నూనె పొర పలచబడిన క్షణాల్లో ఆ పూత కాపాడుతుంది. రాడ్డు పొడవు, పై రంధ్రం మధ్య నుండి కింది రంధ్రం మధ్యకు, 110 మి.మీ. ఉండాలి; 115 మి.మీ. రాడ్డు వేస్తే దానికి తగిన పిస్టన్లు గాని, సిలిండర్ల కింద ఎత్తు పెంచే ప్లేటు గాని కావాలి. రెండు వైపులా ఒకే తయారీ కిట్టు వేయించండి. క్రాంకును మోసే మెయిన్ బేరింగులు నాలుగూ ఇప్పుడే మార్చండి, ఎందుకంటే లోపలి రెండింటినీ, వాటి మధ్యనున్న సీలునూ మార్చాలంటే క్రాంకును మధ్యలో విడదీయక తప్పదు. అవి వేడికీ బిగువుకీ లోపలి ఖాళీ తగ్గినా తిరగగలిగే సీ3 లేదా సీ4 తరగతివై ఉండాలి. మామూలు మోటార్ల బేరింగు సైజు సరిపోయినా పనికిరాదు.

బిళ్ళలు వదులైతే, లేదా అనుమానంగా ఉన్నా, నా సలహా ఒకటే: ఆ క్రాంకును వదిలేసి, పాత యమహా క్రాంకు ఒకటి వెతకండి. బాన్షీ అమెరికాలో 1987 నుండి 2006 వరకు అమ్ముడైంది కాబట్టి, రాడ్లు పాడైన అసలు క్రాంకులు ఇంకా దొరుకుతాయి. రాడ్లు ఎలాగూ మారుస్తాం, మనకు కావలసింది ఆ బిళ్ళలే.

కూర్చడం పూర్తయ్యాక క్రాంకును వీ-బ్లాకుల (V ఆకారపు గాడి ఉన్న దిమ్మెల) మీద పెట్టి, తిప్పుతూ డయల్ గేజితో వంకర చూడాలి. వంకరకు సాధారణంగా చెప్పే హద్దు 0.05 మి.మీ.; శ్రద్ధగల పనివాడు అందులో సగానికి తెస్తాడు. వంకర రెండు రకాలుగా వస్తుంది. బిళ్ళలు పిన్ను చుట్టూ మెలి తిరిగితే ఇత్తడి లేక రాగి సుత్తితో సరైన చోట ఒక దెబ్బ చాలు. బిళ్ళల మధ్య సందు ఒక పక్కన తెరుచుకుంటే బిగించి, మూసుకుంటే మేకు కొట్టి సరిచేస్తారు. మధ్య అతుకు మెలి తిరిగితే మాత్రం ఒక పిస్టను పైకి చేరే వేళ తప్పి, ఆ సిలిండరుకు ఇగ్నిషన్ టైమింగ్ తేడా వస్తుంది. ఇలాంటి మెలి మళ్ళీ రాకుండా కొందరు, క్రాంకును సెంటరు చేశాక (వంకర తీశాక) పిన్ను చివర్లకు చిన్న వెల్డింగు పెట్టిస్తారు. బిగువు ఉన్న క్రాంకుకు అది అదనపు భద్రత, బిగువు లేని క్రాంకుకు అది మాసిక. వెల్డింగు చేయించాక మళ్ళీ వీ-బ్లాకుల మీద చూడటం మరవకండి.

ఇక మీ మిత్రుల మాట. స్ట్రోకు 54 నుండి 58 మి.మీ.కి పెరిగితే, 64 మి.మీ. బోరుతో (సిలిండరు లోపలి వ్యాసంతో) 347 సీసీ ఇంజను సుమారు 373 సీసీ అవుతుంది. అయితే పిస్టను పైన 2 మి.మీ., కింద 2 మి.మీ. అదనంగా కదులుతుంది కాబట్టి హెడ్డు మార్చాలి, సిలిండరు గోడలోని పోర్టుల (మిశ్రమం, పొగ వెళ్ళే దారుల) లెక్క తిరిగి చూసుకోవాలి, కార్బురేటరు జెట్లు మార్చాలి. అది వేరే పని, వేరే ఖర్చు. అరిగిన బేరింగుకు మందు మాత్రం కాదు.

ఒక్క విషయం మీరు రాయలేదు, ఆ బేరింగు ఎందుకు పోయింది? క్రాంకు చివరి సీలు గాలి పీలిస్తే మిశ్రమంలో పెట్రోలూ, దానితోపాటు నూనె కూడా పలచబడి, కొత్త బేరింగు కూడా అదే దారి పడుతుంది. కాబట్టి ఇంజను బిగించాక ఇన్‌టేకు, ఎగ్జాస్టు రంధ్రాలు మూసి, లోపలికి 6 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి ఎక్కించి, 6 నిమిషాల పాటు గేజి ముల్లు దిగకుండా నిలుస్తుందో లేదో చూడండి.

ప్రశ్న: మాది గుంటూరు. నా రాజ్‌దూత్ 350కి బాన్షీ రాడ్డు కిట్టు పడుతుందా? రెండింటి బోరు, స్ట్రోకు ఒకటే కదా?

జవాబు: ఒకటే, 64, 54 మి.మీ. కాని రాడ్డును నిర్ణయించేది బోరు కాదు. మీ క్రాంకు పిన్ను వ్యాసం, రాడ్డు పొడవు, గజన్ పిన్ను (పిస్టనును రాడ్డుకు కలిపే పిన్ను) రంధ్రం, రాడ్డు కింది భాగం వెడల్పు, ఈ నాలుగూ మైక్రోమీటరుతో కొలిపించి, అమ్మే వారి కొలతల పట్టికతో సరిచూసుకున్నాకే డబ్బు పంపండి. పెట్టె మీద పేరు చూసి కొని, పడలేదని సానబట్టించిన పిన్ను ఒకటి నా బల్ల మీద కాగితాలకు బరువుగా పడి ఉంది.